రాత్రి కాపలా: వాచ్‌మన్‌లను మానిపించి స్మార్ట్ కెమెరాలనే నమ్ముకోవచ్చా?

గుంటూరు గిడ్డంగి:

అందరికీ నమస్కారం. గుంటూరు శివారులో మాకొక కోల్డ్ స్టోరేజీ ఉంది. ఫిబ్రవరి నుంచి మే దాకా మిర్చి టిక్కీలు (బస్తాలు) వస్తూనే ఉంటాయి. ధర కోసం రైతు ఎన్నాళ్లు ఎదురుచూస్తే అన్నాళ్లూ ఆ సరుకుకు మేమే పూచీ. నిరుడు వానాకాలంలో ఎవరో వెనక ప్రహరీ దూకి వచ్చి రాగి కేబుళ్లు కోసుకుపోయారు. అప్పటి నుంచి మా భాగస్వాములది ఒకటే మాట: రాత్రి వాచ్‌మన్‌లు ఇద్దరినీ మానిపించి, మనిషి కదలికను గుర్తుపట్టి ఫోనుకు అలర్ట్ పంపే కెమెరాలను ప్రహరీ చుట్టూ పెట్టిద్దామంటున్నారు. నేను ఒప్పుకోలేకపోతున్నాను. కారణం చెబుతాను.

ముందుగా నాలుగు కెమెరాలు పెట్టించి చూశాం. ఒక రాత్రి 2 గంటల 40 నిమిషాలకు ఫోను మోగితే లేచాను. తెర మీద తెల్లటి తాడులాంటిది అడ్డంగా ఊగుతోంది. తెల్లవారాక నిచ్చెన వేసుకుని చూస్తే, కెమెరా గొడుగు కింద సాలీడు గూడు కట్టి ఉంది. చీకట్లో చూడటానికి కెమెరా వాడే ఇన్‌ఫ్రారెడ్ వెలుతురుకు పురుగులు చేరాయి, పురుగుల కోసం సాలీడు చేరింది. ఆ గూటి పోగు ఒకటి అద్దానికి రెండంగుళాల దూరంలో గాలికి ఊగినప్పుడల్లా, మనిషెవరో గోడ దాటినట్టు కెమెరా లెక్క వేసుకుంది. ఆ ఒక్క రాత్రిలో 43 అలర్టులు వచ్చాయి. మూడో వారానికి ఫోను సైలెంటులో పెట్టి పడుకోవడం మొదలుపెట్టాను. ‘నాన్నా పులి’ కథ నాకు కొత్త కాదు, అయినా అదే తప్పు చేశాను. ఆ తరువాత ఒక రాత్రి నిజంగానే ఇద్దరు మనుషులు గోడ దూకారు. అలర్ట్ సరిగ్గానే వచ్చింది, దాన్ని చూసిన మనిషే లేడు. వాచ్‌మన్ కేకలు విని వాళ్లు పారిపోయారు.

అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి: కెమెరా చూస్తుంది సరే, చూసిన తరువాత లేచి వెళ్లేది ఎవరు?

కెమెరాల మేస్త్రి, విజయవాడ:

గిడ్డంగి గారూ, మీరు చెప్పింది కెమెరా తప్పు కాదు, బిగించిన తీరులో లోపం. పద్నాలుగేళ్లుగా ఈ పనిలో ఉన్నాను కనుక కాస్త వివరంగా రాస్తాను.

పాత పద్ధతిలో కెమెరా ఒక బొమ్మకూ తరువాతి బొమ్మకూ మధ్య ఎన్ని చుక్కలు (పిక్సెళ్లు) మారాయో మాత్రమే చూస్తుంది. అందుకే చెట్టు కొమ్మ, వాన చినుకు, లారీ హెడ్‌లైటు, మీ సాలెగూడు దానికి ఒకటే. ఇప్పటి మంచి కెమెరాలు కదిలిన ఆకారం మనిషిదా, కుక్కదా, వాహనానిదా అని వేరు చేసి, మనం గీసిన గీతను మనిషి దాటినప్పుడే అలర్ట్ పంపుతాయి. మీ నాలుగింటిలో ఆ ఏర్పాటు ఆన్ చేశారా, లేక ఊరికే కదలికకు పెట్టి వదిలేశారా, ముందు అది చూడండి. ఇన్‌ఫ్రారెడ్ దీపాన్ని కెమెరాలోనే ఉంచకుండా నాలుగైదు అడుగుల అవతల విడిగా పెడితే పురుగులు అటు పోతాయి. నెలకోసారి గుడ్డతో తుడిచే పని మాత్రం తప్పదు.

చాలామంది చేసే పొరపాటు ఇంకొకటుంది: ఒక్క కెమెరాతోనే గోడంతా చూడాలనీ, ముఖం కూడా పోల్చుకోవాలనీ అనుకుంటారు. అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62676-4 2014 నాటి కూర్పు ప్రకారం మనిషి ఉన్నాడని తెలియడానికి మీటరుకు 25 పిక్సెళ్లు చాలు. ముక్కూముఖం తెలియని మనిషి ఎవరో తేల్చడానికి 250 కావాలి. 4 మెగాపిక్సెల్ కెమెరాలో అడ్డంగా ఉండేవి సుమారు 2,560 పిక్సెళ్లు. అంటే దానితో 100 మీటర్ల వెడల్పులో మనిషి జాడ తెలుసుకోవచ్చు కానీ, ముఖం తేల్చుకోదగిన వెడల్పు 10 మీటర్లే. కాబట్టి గోడ పొడవునా చూసేవి వేరు, గేటు దగ్గరా దూకడానికి వీలున్న మూలలా ముఖాలు పట్టేవి వేరు.

ఇక వాచ్‌మన్‌ల సంగతి. తెల్లవారుజాము 3 గంటలకు ఎంత నమ్మకస్థుడికైనా కన్ను మూతపడుతుంది. ఇద్దరు మనుషులు నాలుగు గోడలను ఒకేసారి చూడలేరు. సరిగ్గా బిగిస్తే కెమెరాలే మేలని నా అభిప్రాయం.

కాపలాదారు కూతురు:

మేస్త్రి గారి లెక్కలను నేను కాదనను. కానీ మా నాన్న 11 ఏళ్లుగా ఒక కోల్డ్ స్టోరేజీలో రాత్రి కాపలా కాస్తున్నారు, ఆయన చేసే పని దొంగల కోసం కూర్చోవడం ఒక్కటే కాదు. రెండేళ్ల క్రితం ఒక రాత్రి ముక్కు ఘాటెక్కి ఆయనకు మెలకువ వచ్చింది. కంప్రెసర్ గదిలో, చల్లదనం కోసం వాడే అమ్మోనియా లీకవుతోంది. తడి తువ్వాలు ముఖానికి చుట్టుకుని ఆపరేటర్‌ను లేపి, వాల్వు కట్టించి, పక్క షెడ్డులో నిద్రపోతున్న హమాలీలను బయటికి పంపారు. కెమెరాకు వాసన తెలియదు. గిడ్డంగి గారు అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇదే: లేచి వెళ్లేది మా నాన్నలాంటివాళ్లే, నెలకు 13 వేల జీతానికి.

కెమెరాల మేస్త్రి, విజయవాడ:

మీ నాన్నగారికి నా నమస్కారాలు తెలపండి అమ్మా. అమ్మోనియాను పసిగట్టే సెన్సర్లు ఉన్నాయి, ప్రతి కోల్డ్ స్టోరేజీలోనూ అవి ఉండి తీరాలి. అయితే ఆ రాత్రి వాల్వు కట్టించింది, హమాలీలను లేపింది మనిషేనన్న మాటను కాదనలేను. నాదొక ప్రశ్న: చేతికర్ర ఒక్కటే ఉన్న అరవై ఏళ్ల మనిషిని, కేబుళ్లు కోసే పనిముట్లతో వచ్చిన నలుగురి మీదికి చీకట్లో పంపడం న్యాయమేనా? ముందు కెమెరా చూసి చెబితే ఆయన గదిలోనే ఉండి సైరన్ నొక్కవచ్చు, 112కు ఫోను చేయవచ్చు.

సియాటెల్ దుకాణం:

మాది గుంటూరు జిల్లాయే. ఇక్కడ సియాటెల్‌లో చిన్న కిరాణా దుకాణం నడుపుతున్నాను. గిడ్డంగి గారు అడిగిన ప్రశ్నే ఇక్కడి పోలీసులకూ ఎదురైంది. 2023లో అలారం కంపెనీల నుంచి వారికి దాదాపు 13,000 కాల్స్ వస్తే, నేరం జరిగినట్టు తేలినవి 4 శాతం లోపే. దాంతో 2024 అక్టోబరు 1 నుంచి అలారం మోగినంత మాత్రాన రావడం మానేశారు. వీడియో గాని, ఆడియో గాని, కళ్లారా చూసిన మనిషి గాని ఉంటేనే వస్తామన్నారు. అందువల్ల ఇక్కడ కెమెరా తప్పనిసరి అయింది. తోడుగా ఆ వీడియోను ఆ క్షణంలో చూసి ఔనో కాదో చెప్పే మనిషీ తప్పనిసరి అయ్యాడు. నాకు డబ్బు తీసుకుని ఆ పని చేసే కంపెనీ ఉంది. గుంటూరు శివారులో రాత్రి రెండింటికి ఆ పని ఎవరు చేస్తారో తేల్చుకోకుండా వాచ్‌మన్‌ను పంపేయడం తొందరపాటని నాకనిపిస్తుంది.

హైదరాబాద్ న్యాయవాది:

చట్టం వైపు నుంచి మూడు మాటలు. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం ప్రకారం, ఒకేసారి 100 మంది గాని రోజుకు 500 మంది గాని వచ్చే సంస్థలు కెమెరాలు పెట్టి 30 రోజుల రికార్డింగును భద్రపరచాలి. సీజనులో రైతులు, హమాలీలు, లారీలవాళ్లు కలిస్తే మీరు ఆ పరిధిలోకి రావచ్చు. కనుక కెమెరాలు ఉండాలా వద్దా అన్న చర్చే మీకు లేకపోవచ్చు.

రెండవది సాక్ష్యం. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద వీడియోను కోర్టుకు ఇవ్వాలంటే ధ్రువపత్రం జతచేయాలి, అందులో ఆ ఫైలు హ్యాష్ విలువ (ఫైలును ఎవరూ మార్చలేదని చూపే అంకెలు, అక్షరాల గుర్తు) రాయాలి. ఫోనులో ఆడుతున్న వీడియోను ఇంకో ఫోనుతో తీసి వాట్సాప్‌లో పంపినదాన్ని పట్టుకుని నా దగ్గరికి వస్తారు. ఈలోగా అసలు రికార్డింగు చెరిగిపోతుంది. దొంగలు రికార్డరును కూడా ఎత్తుకుపోయిన కేసులు చూశాను. దాన్ని ఆఫీసు బల్ల మీద కాక, తాళం వేసిన వేరే గదిలో ఉంచండి.

మూడవది, మీ వెనక గోడ అవతల ఏముంది? ఇళ్లుంటే ఆ కెమెరా వాళ్ల వాకిళ్లను కూడా చూస్తుంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లోనే తేల్చింది. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ప్రధాన బాధ్యతలు ఆ తరువాత 18 నెలలకు అమలవుతాయి. ఇప్పటి నుంచే జాగ్రత్త పడటం మంచిది.

గుంటూరు గిడ్డంగి:

వెనక గోడ అవతల సందు, సందు పక్కన ఎనిమిది ఇళ్లు ఉన్నాయి. మా కెమెరా ఒకటి నేరుగా ఒక ఇంటి స్నానాల దడి వైపు చూస్తోందని, న్యాయవాది గారు అడిగాక వెళ్లి చూస్తే గాని నాకు తెలియలేదు. ఆ ఇంటావిడ నెల రోజులుగా దడికి పాత చీర కట్టుకుని స్నానం చేస్తున్నారట. నాతో ఆ మాట అనడానికి మొహమాటపడ్డారు. సిగ్గుతో తల దించుకుని క్షమాపణ అడిగి, మధ్యాహ్నంలోపు కెమెరాను కిందికి వంచి గోడ లోపలి ఆరు అడుగుల మేరకే కనిపించేలా చేయించాను.

కెమెరాల మేస్త్రి, విజయవాడ:

మంచి పని చేశారు. ఇళ్ల వైపు భాగాన్ని తెర మీద నల్లగా మూసేసే ప్రైవసీ మాస్క్ కూడా పెట్టించండి. పాస్‌వర్డులు మార్చారా? 2016లో మిరాయ్ అనే వైరస్, ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చకుండా వదిలేసిన లక్షల కెమెరాలను, రికార్డర్లను పట్టుకుని దాడులకు వాడుకుంది. మేం బిగించి వెళ్లాక కూడా అవే పాస్‌వర్డులతో ఏళ్ల తరబడి నడిపేవాళ్లు ఎక్కువ.

గుంటూరు గిడ్డంగి:

ఈ రోజే మార్పించాను. మా భాగస్వాములతో మాట్లాడి, వాచ్‌మన్‌లు ఇద్దరినీ ఉంచేలా ఒప్పించాను. అలర్ట్ ఇకపై ముందుగా నా ఫోనుకు కాదు, గేటు గదిలో పెట్టే పెద్ద తెరకూ బజరుకూ పోతుంది. ఒకరు తెర దగ్గర కూర్చుంటారు, ఒకరు తిరుగుతారు, రెండు గంటలకోసారి మారతారు. ఖర్చు పెరిగిందని ఒక భాగస్వామి ఇంకా అలిగే ఉన్నారు.

కాపలాదారు కూతురు:

సంతోషమండీ. ఆ గేటు గదిలో ఫ్యాను ఉందో లేదో కూడా ఒకసారి చూడండి. మా నాన్న కూర్చునే గదిలో లేదు.