ఉగాది–శ్రీరామనవమి విందు: సలాడ్‌లో డ్రెస్సింగ్ కలిపి పెట్టాలా, పక్కన పెట్టాలా?

భోజన విభాగం సమన్వయకర్త:
అందరికీ నమస్కారం. డాలస్‌లో జరగబోయే మన విందుకు 250 మంది వస్తారన్న అంచనాతో వంటకాలన్నీ ఖరారయ్యాయి గానీ, సలాడ్ సంగతి ఒక్కటే తేలలేదు. డ్రెస్సింగ్ (సలాడ్‌కు రుచి కోసం కలిపే సాస్) ముందే కలిపి పంపాలా, విడిగా పంపాలా అని క్యాటరర్ అడుగుతున్నారు. దీపావళినాడు వేదిక మీద కార్యక్రమాలు ముప్పావుగంట ఆలస్యం కావడంతో, రాంచ్ అనే తెల్లని చిక్కటి డ్రెస్సింగ్ కలిపిన లెట్యూస్ ఆకులు ట్రేలలోనే వడలిపోయి, కీరా ముక్కలు నీళ్లలో మునిగి కనిపించిన వైనం వడ్డనలో నిలబడిన వారందరికీ గుర్తుండే ఉంటుంది. దయచేసి మీ అభిప్రాయాలు తెలియజేయండి.

వడ్డన బృందం:
విడిగానే తెప్పించండి. ఉప్పు తగలగానే కీరా నీరు వదులుతుంది. నూనె ఆకు మీది మైనపు పొరను దాటి లోపలికి దిగుతుంది కనుక, లెట్యూస్ వెనిగర్ కన్నా నూనెకే త్వరగా వడలుతుంది. మన కార్యక్రమాలు ఏనాడు వేళకు ముగిశాయి గనుక! పైగా రెస్టారెంట్లలో కూడా మనవాళ్లు చాలామంది డ్రెస్సింగ్ పక్కన ఇమ్మనే అడుగుతారు. కొందరు నూనె లెక్క చూసుకునేవారు, మరికొందరు అందులో ఏం కలుస్తుందోనని సందేహించేవారు. మా మావయ్యగారైతే ఎక్కడికి వెళ్లినా నిమ్మచెక్క, ఉప్పు, మిరియాలపొడి తెప్పించుకుని తామే కలుపుకుంటారు. ఆ పూట అక్కడ వడ్డించేవారి ఓర్పును మెచ్చుకోవాలి.

శాకాహార వంటకాల బాధ్యురాలు:
ఆ సందేహం అక్కర్లేనిది కాదు. రాంచ్‌లో మజ్జిగతో పాటు మయోనైజ్ ఉంటుంది, మయోనైజ్ అంటే మామూలుగా గుడ్డు సొనే. సీజర్ డ్రెస్సింగ్‌లో సాధారణంగా ఆంచోవీ చేపలు ఉంటాయి. అందులో వేసే పార్మెజాన్ చీజ్‌ను సంప్రదాయంగా దూడ కడుపునుంచి తీసిన రెన్నెట్‌తో పాలు విరిచి తయారుచేస్తారు. గుడ్డు కూడా ముట్టని కుటుంబాలు మన సంఘంలో ఉన్నాయి కాబట్టి సీజర్ పూర్తిగా మానేసి, రాంచ్‌ను వేరే బల్ల మీద పెట్టి, సీసాను పక్కనే ఉంచితే ఎవరికి వారు లేబుల్ చదువుకుంటారు. నువ్వులు పడనివారికీ ఇదే ఉపయోగం. 2023 జనవరి నుంచి అమెరికాలో నువ్వులను కూడా లేబుల్ మీద తప్పక పేర్కొనాలి.

ప్రసాదాల బాధ్యులు:
నాదొక చిన్న అభ్యంతరం. పక్కన పెట్టిన డ్రెస్సింగ్‌ను పైనుంచి పోసుకుంటే పై ఆకులకే అంటుతుంది, అడుగువి చప్పగా మిగిలిపోతాయి. రుచి కలపడంలోనే ఉంది. అదీగాక, శ్రీరామనవమి వడపప్పు మన సలాడే కదా! నానిన పెసరపప్పు, పచ్చిమామిడి, కొబ్బరి, కీరా ముక్కలను ఎవరికి వారు కలుపుకోమనడం నాకు నచ్చదు. దాన్ని మాత్రం మేమే కలిపి ఇస్తాము.

వడ్డన బృందం:
అన్నయ్యగారూ, వడపప్పు విషయంలో మీ మాటే ఖాయం. అయితే ఉప్పు, నిమ్మరసం బంతి మొదలయ్యే ముందు మాత్రమే వేయండి. చల్లారిన పోపును కూడా అప్పుడే కలిపితే సరిపోతుంది.

భోజన విభాగం సమన్వయకర్త:
అయితే ఇలా చేద్దాము. ఆకుల సలాడ్‌కు డ్రెస్సింగ్ విడిగా, మూత ఉన్న రెండు ఔన్సుల కప్పులలో సగం వరకు, అంటే రెండు టేబుల్ స్పూన్ల చొప్పున పోసి పెడదాము. దాదాపు సగం మంది తీసుకుంటారనుకుని 120 కప్పులకు 16 ఔన్సుల సీసాలు ఎనిమిది సరిపోతాయి: నూనె, వెనిగర్‌తో చేసిన ఇటాలియన్ ఐదు, రాంచ్ మూడు. ప్రసాదాల వారి మాట తీసివేయలేము కనుక, ఆకులు కలుపుకోవడానికి వీలుగా పళ్లేలతో పాటు లోతైన గిన్నెలు కూడా పెడదాము. మావయ్యగారి వంటివారి కోసం రెండు డజన్ల నిమ్మకాయలు కోసి, మిరియాలపొడితో పాటు ఉంచుదాము. తరిగిన ఆకుకూరలు 41 డిగ్రీల ఫారన్‌హీట్ దాటకూడదు కాబట్టి, ట్రేల కింద ఐస్ తప్పనిసరి. ఐస్ తేగలిగినవారు, ముందురోజు సాయంత్రం కప్పులు నింపి ఫ్రిజ్‌లో పెట్టగలిగిన ఇద్దరు ఇక్కడే తెలియజేయండి.

రవాణా బృందం:
ఐస్ నేను తెస్తాను. పెద్ద కూలర్ ఒకటే ఉంది, ఇంకొకటి ఎవరైనా ఇవ్వగలరా?