టీయూఆర్‌పీ ఆపరేషన్ తర్వాత వచ్చే ఇబ్బందుల్లో ఏవి సహజం, ఏవి ప్రమాదకరం?

ప్రశ్న:

మా నాన్నగారి వయసు 70 ఏళ్లు. ప్రోస్టేట్ గ్రంథి పెరిగినందువల్ల చాలాకాలంగా మాత్రలు వాడుతున్నారు. ఇటీవల మూత్రం పూర్తిగా ఆగిపోతే కాథెటర్ (మూత్రం బయటకు తీసే గొట్టం) వేశారు. దాన్ని తీసి చూసినా మూత్రం రాకపోవడంతో మళ్లీ వేసి, ఇక టీయూఆర్‌పీ, అంటే మూత్రనాళం గుండా పరికరం పంపి ప్రోస్టేట్ లోపలి భాగాన్ని కోసి తీసే ఆపరేషన్, చేయించడమే మంచిదని యూరాలజిస్టు చెప్పారు. స్కానింగ్‌లో గ్రంథి బరువు 55 గ్రాములని వచ్చింది. గుండెకు స్టెంట్ ఉన్నందున ఆయన రక్తం గడ్డకట్టకుండా చేసే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కూడా వేసుకుంటున్నారు. ఈ ఆపరేషన్ అయినవాళ్లకు మూత్రం అదుపు తప్పి జీవితాంతం డైపర్లు వాడవలసి వస్తుందని ఒక బంధువు అన్నప్పటి నుంచి, ఆ మాట ఎత్తితేనే నాన్నగారు ముభావంగా ఉండిపోతున్నారు. ఆయనకు సర్ది చెప్పే ముందు నిజమేమిటో నేను తెలుసుకోవాలి. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు (యూరాలజీ వైద్యుడు):

మీ నాన్నగారి భయం నుంచే మొదలుపెడతాను. మూత్రాన్ని ఆపి ఉంచే ప్రధాన కండరం ప్రోస్టేట్‌కు దిగువన ఉంటుంది. ఆపరేషన్‌లో మేము లోపల కనిపించే ఒక చిన్న బుడిపెను గుర్తుగా పెట్టుకుని దానికి పైభాగంలోనే కోస్తాం కాబట్టి ఆ కండరం దెబ్బతినడం, శాశ్వతంగా అదుపు తప్పడం చాలా అరుదు. అయితే మొదటి కొన్ని వారాల్లో ఉన్నట్టుండి తొందరపెట్టడం, బాత్రూమ్‌కు చేరేలోపు కొన్ని చుక్కలు పడటం చాలామందిలో కనిపిస్తుంది. ఇన్నాళ్లు అడ్డంకిని తోసుకుంటూ పనిచేసిన మూత్రాశయం కుదుటపడటానికి సమయం పడుతుంది. మీ బంధువు చూసినది బహుశా ఈ దశనే కావచ్చు.

దీనికంటే ఎక్కువగా జరిగేది, ఇళ్లలో ఎవరూ నోరు విప్పి మాట్లాడనిది మరొకటి ఉంది. ఆపరేషన్ అయిన పురుషుల్లో ఎక్కువమందికి వీర్యం బయటకు రాకుండా వెనక్కి, మూత్రాశయంలోకి వెళ్లిపోతుంది. ఇది ఆరోగ్యానికి హాని చేయదు, మూత్రంతో పాటే బయటకు పోతుంది. అంగస్తంభన సాధారణంగా ముందెలా ఉందో అలాగే ఉంటుంది. కానీ ఈ మార్పు చాలావరకు శాశ్వతం కనుక, ఏ వయసు వారికైనా సంతకం పెట్టించే ముందే చెప్పి తీరాలని నా గట్టి అభిప్రాయం.

పాత పద్ధతిలో, అంటే మోనోపోలార్ కరెంటుతో కోసేటప్పుడు, లోపల కడగడానికి గ్లైసిన్ వంటి ద్రవం వాడతారు. కోత పెట్టిన చోట తెరుచుకున్న సిరల ద్వారా అది ఎక్కువగా రక్తంలో కలిస్తే, మామూలుగా 135 నుంచి 145 మధ్య ఉండవలసిన సోడియం పడిపోయి వికారం, అయోమయం, చూపు మసకబారడం, చివరకు ఫిట్స్ కూడా రావచ్చు. అందుకే కోతను గంటలోపు ముగించాలని చూస్తాం. బైపోలార్ పద్ధతిలో సెలైన్‌తోనే కడగవచ్చు కనుక ఈ ప్రమాదం దాదాపు లేనట్టే. మీ ఆసుపత్రిలో ఏ పద్ధతి వాడతారో తప్పకుండా అడగండి. గ్రంథి 80 గ్రాములు దాటితే హోల్మియం లేజర్ వంటి మార్గాలు మేలు గానీ, 55 గ్రాములకు టీయూఆర్‌పీ సరైన ఎంపికే.

మందుల విషయంలో మాత్రం సొంత నిర్ణయం వద్దు. క్లోపిడోగ్రెల్‌ను సాధారణంగా 5 నుంచి 7 రోజుల ముందు ఆపుతారు, ఆస్పిరిన్‌ను చాలాసార్లు కొనసాగిస్తారు. అయితే స్టెంట్ కొత్తగా వేసినదైతే మందు ఆపడమే ప్రాణం మీదికి తేవచ్చు. అలాంటప్పుడు కాథెటర్‌తోనే కొన్ని నెలలు ఆగి ఆపరేషన్ చేయడం మంచిది. స్టెంట్ ఎప్పుడు వేశారో చెప్పి, గుండె వైద్యుడి చేత రాతపూర్వకంగా సలహా తీసుకోండి. కాథెటర్ ఉన్నవారి మూత్రంలో సూక్ష్మజీవులు చేరుతాయి కనుక ముందే కల్చర్ పరీక్ష చేయించి, దానికి తగిన యాంటీబయాటిక్ ఇచ్చాకే ఆపరేషన్‌కు తీసుకోవాలి.

జవాబు (ఆపరేషన్ చేయించుకున్న వ్యక్తి):

డాక్టరు గారు చెప్పినదానికి తోడు, ఇంటికి వచ్చాక ఏం జరుగుతుందో చెబుతాను. మొదట్లో మూత్రం పోసేటప్పుడు మంట ఉంటుంది, అది రోజురోజుకూ తగ్గుతుంది. రెండో వారంలో, అంతా సర్దుకుంది అనుకుంటున్న సమయంలో, నాకు మళ్లీ ఎర్రగా వచ్చింది. లోపలి పుండు మీద కట్టిన పెచ్చు ఊడే సమయంలో ఇలా జరుగుతుందని ముందే చెప్పి ఉండటం వల్ల కంగారు పడకుండా, నీళ్లు బాగా తాగి విశ్రాంతి తీసుకున్నాను, అదే తగ్గిపోయింది. మలబద్ధకంతో ముక్కడం, బరువులు ఎత్తడం ఈ రక్తాన్ని మళ్లీ తెప్పిస్తాయి కాబట్టి ఆరు వారాల పాటు ఆ రెండింటి విషయంలో మీ నాన్నగారిని కనిపెట్టుకుని ఉండండి.

జవాబు (యూరాలజీ వార్డు నర్సు):

ఆసుపత్రిలో ఉన్నప్పుడు తోడున్నవారు చూడవలసింది గొట్టాన్నే. మూడు దారుల కాథెటర్‌లో ఒక దారి గుండా సెలైన్ లోపలికి వెళుతుంది, మరో దారి గుండా మూత్రంతో కలిసి బయటకు వస్తుంది, మూడోది బెలూన్ నింపడానికి. వచ్చే ద్రవం లేత గులాబీ రంగులో ఉంటే దిగులు లేదు. అది చిక్కటి ఎరుపుకు మారినా, మరీ ముఖ్యంగా సెలైన్ లోపలికి పోతూ బయటి సంచిలో మట్టం పెరగకపోయినా, గొట్టంలో రక్తపు గడ్డ అడ్డుపడిందని అనుమానించాలి. అప్పుడు రోగి పొత్తికడుపు బిగుసుకుపోతుంది, గొట్టం ఉన్నా మూత్రం వస్తున్నట్టుందని తల్లడిల్లుతారు. ఆ మాటను చాదస్తమని తీసిపారేయకండి. మేము సెలైన్ ఆపి, పెద్ద సిరంజితో గడ్డలను లాగేస్తే నిమిషాల్లో ఉపశమనం కలుగుతుంది. ఇంటికి వెళ్లాక గడ్డలు పడుతూ మూత్రం ఆగిపోయినా, చలితో జ్వరం వచ్చినా తెల్లవారే దాకా ఆగకుండా వెంటనే తీసుకురండి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారికి ఈ జవాబులు చదివి వినిపించాను. ఆయనే ఒక ప్రశ్న అడగమన్నారు. ఆపరేషన్ తర్వాత ధార బాగా వచ్చి, కొన్ని నెలలకు మళ్లీ సన్నబడితే గ్రంథి తిరిగి పెరిగినట్టేనా?

జవాబు (యూరాలజీ వైద్యుడు):

నెలల్లోనే సన్నబడితే సాధారణంగా కారణం అది కాదండీ. మూత్రనాళంలో గానీ మూత్రాశయ ముఖద్వారం దగ్గర గానీ మచ్చకట్టి దారి ఇరుకు కావడం వల్ల అలా జరుగుతుంది. ధార వేగాన్ని కొలిచే పరీక్షతో అనుమానించి, సన్నటి దుర్బిణితో చూసి నిర్ధారిస్తాం. ఇరుకును లోపలి నుంచే కోసి వెడల్పు చేయవచ్చు గానీ, కొందరిలో అది తిరిగి వస్తుంది. గ్రంథి మళ్లీ పెరగడానికి సాధారణంగా ఏళ్లు పడుతుంది.

ఆయనకు మరో మాట కూడా చెప్పండి. ఆపరేషన్ దారిని తెరుస్తుందే తప్ప, చాలాకాలం సాగిపోయి నీరసించిన మూత్రాశయానికి బలం తెచ్చిపెట్టదు. మూత్రం ఆగిన రోజు కాథెటర్ వేయగానే ఎంత పరిమాణం వచ్చిందో కేసు షీటులో రాసి ఉంటుంది. అది లీటరుకు బాగా మించి ఉంటే, ఆపరేషన్‌కు ముందే యూరోడైనమిక్ పరీక్ష (మూత్రాశయం పనితీరును కొలిచేది) అవసరమా అని మీ వైద్యుణ్ణి అడగండి. కోసి తీసిన ముక్కల బయాప్సీ నివేదికను కూడా తప్పకుండా తీసుకోండి. కమలాపండు తొనలు తీసి తొక్కను ఉంచినట్టు గ్రంథి వెలుపలి పొర అలాగే మిగిలి ఉంటుంది, క్యాన్సర్ ఎక్కువగా పుట్టేది అందులోనే. అందువల్ల నివేదికలో ఏమీ లేకపోయినా పీఎస్ఏ పరీక్షను (ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానాన్ని పట్టించే రక్తపరీక్ష) పూర్తిగా మానేయకుండా, ఆయన వయసును, ఆరోగ్యాన్ని బట్టి ఎప్పుడు చేయించాలో వైద్యుడితో మాట్లాడి నిర్ణయించుకోండి.