తెలుగు దరఖాస్తు ఫారం స్క్రీన్ రీడర్‌కు అందడం లేదు: ముందుగా ఏది సరిదిద్దాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఒక విద్యాసంస్థ ఇచ్చే ఉపకార వేతనాల కోసం తెలుగులో దరఖాస్తు ఫారం తయారు చేస్తున్నాను. రూపకల్పన మరొకరిది, కోడ్ నాది. గత వారం చూపు లేని ఒక విద్యార్థిని పిలిచి, ఆయన ఫోన్‌లోనే టాక్‌బ్యాక్‌తో (తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్) ఫారం నింపమని కోరి పక్కన కూర్చున్నాను. ప్రతి గడి పైన "పేరు", "తండ్రి పేరు", "మొబైల్ నంబరు" అని స్పష్టంగా రాసి ఉన్నా, గడి మీద వేలు పెట్టిన ప్రతిసారీ ఫోన్ "ఎడిట్ బాక్స్" అని మాత్రమే పలికింది. అన్నీ నింపి సమర్పించాక మొబైల్ నంబరులో ఒక అంకె తగ్గినందువల్ల ఆ గడి అంచు ఎర్రబడింది, ఫారం వెళ్లలేదు. ఆయన కాసేపు ఆగి, "అయిపోయిందా అన్నా?" అని అడిగారు. నాకు నోట మాట రాలేదు.

ఇంటికి వచ్చి కంప్యూటర్లో ఎన్.వి.డి.ఏ. అనే స్క్రీన్ రీడర్‌తో చూస్తే, ఇంగ్లీషు గొంతు తెలుగు సూచనలను చాలా చోట్ల చదవకుండానే దాటేసింది. గడువు పది రోజులే ఉంది. అన్ని ట్యాగులకూ ఏరియా రోల్స్ (పేజీలో ఏ భాగం ఏమిటో స్క్రీన్ రీడర్‌కు చెప్పే గుర్తులు) తగిలిస్తే సరిపోతుందా, లేక మొదటి నుంచి రాయాలా?

సమాధానం 1

ఏరియా జోలికి ఇప్పుడే వెళ్లకండి. వెబ్ పేజీలు రాసే హెచ్.టి.ఎమ్.ఎల్.లో సొంతంగా ఉన్న ట్యాగుతో పని జరిగేటప్పుడు దాన్నే వాడాలన్నది ఏరియా వాడకంలో మొదటి నియమం. మీరు "పేరు" అన్న మాటను డివ్‌లో (తనకంటూ ఏ అర్థమూ లేని ఉత్త పెట్టె లాంటి ట్యాగు) రాసి ఉంటారు. కంటికి అది గడి పైనే కనిపిస్తుంది కానీ, ఆ మాటకూ గడికీ సంబంధం ఉందని బ్రౌజర్‌కు ఎవరూ చెప్పలేదు. లేబుల్ ట్యాగు పెట్టి, దాని ఫర్ విలువ, గడి ఐడి ఒకటే అయ్యేలా చూడండి. సమర్పించే బటన్ కూడా క్లిక్ తగిలించిన డివ్ అయితే ట్యాబ్ కీ నొక్కుతూ పోయేవారికి అది ఎప్పటికీ తగలదు. అసలైన బటన్ ట్యాగుతో మార్చండి.

తప్పు జరిగిన చోట మాత్రం ఏరియా అవసరం. "మొబైల్ నంబరులో పది అంకెలు ఉండాలి" అన్న వాక్యాన్ని గడి కిందనే రాసి, దాన్ని ఏరియా డిస్క్రైబ్డ్‌బైతో గడికి ముడిపెట్టి, గడిని ఏరియా ఇన్‌వాలిడ్‌గా గుర్తించి, ఫోకస్‌ను (వాడేవారు ప్రస్తుతం ఉన్న చోటును) మొదటి తప్పు దగ్గరకు తీసుకువెళ్లండి. రంగు ఒక్కదానితోనే సమాచారం చెప్పకూడదన్నది, వెబ్ అందరికీ అందేలా చేసే ప్రమాణాలైన డబ్ల్యూ.సి.ఏ.జి.లో కనీస స్థాయి నియమం.

ఇక ఎన్.వి.డి.ఏ. తెలుగును దాటేయడానికి కారణం పేజీ కోడ్ మొదటి వరుసల్లోనే ఉండవచ్చు. తయారుగా దొరికే మూసల్లో చాలావాటిలో, పేజీ భాష ఏదో చెప్పే లాంగ్ విలువ ఇంగ్లీషుగానే ఉంటుంది, మనం దాన్ని మార్చడం మరిచిపోతాం. దాన్ని "టి.ఇ."గా మార్చితే స్క్రీన్ రీడర్ తన దగ్గర తెలుగు గొంతు ఉంటే దాన్ని ఎంచుకోగలుగుతుంది.

సమాధానం 2

నేను చూపు లేకుండానే వెబ్ పరీక్షకుడిగా పని చేస్తున్నాను. పై సమాధానంతో ఏకీభవిస్తూ, వాడేవారి వైపు నుంచి కొంత చేరుస్తాను. పేజీని మేము పై నుంచి కిందికి చదువుకుంటూ కూర్చోము, ఎన్.వి.డి.ఏ.లో హెచ్ నొక్కి శీర్షికల మీదుగా, ఎఫ్ నొక్కి గడుల మీదుగా దూకుతాము. మీరు శీర్షిక ట్యాగు వాడకుండా అక్షరాలను లావుగా, పెద్దగా చేసి శీర్షికలా కనిపింపజేస్తే అవి మా దారిలో ఉండవు.

లాంగ్ మార్చిన ఉత్సాహంలో "మొబైల్", "బ్యాంకు" వంటి ప్రతి మాటకూ విడిగా ఇంగ్లీషు గుర్తు పెట్టకండి. వాక్యం మధ్యలో గొంతు మారుతూ ఉంటే వినడం నరకం. భాషలో కలిసిపోయిన మాటలకు ఆ గుర్తు అవసరం లేదని డబ్ల్యూ.సి.ఏ.జి. కూడా మినహాయింపు ఇస్తుంది. పూర్తి ఇంగ్లీషు పేరాకు మాత్రం తప్పక పెట్టండి.

ఇంకొక మాట: పేరు గడికి అక్షరాల పరిమితి పెట్టారేమో చూడండి. "లక్ష్మి" అన్న పేరు కంటికి రెండే అక్షరాలు, కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూనికోడ్ లెక్కలో ఏడు. ఇరవై అని పరిమితి పెడితే తెలుగులో ఇంటిపేరుతో సహా పేరు పట్టకపోవచ్చు, పైగా టైపు ఎందుకు ఆగిపోయిందో మాకు ఎవరూ చెప్పరు.

సమాధానం 3

చూపు తక్కువగా ఉన్నవారి గురించి కూడా ఆలోచించండి. ఇంగ్లీషు కోసం గీసిన నమూనాలో తరచూ లైన్ హైట్ (వరుస ఎత్తు, అక్షరం సైజుకు ఎన్ని రెట్లు) 1.2 ఉంటుంది, బటన్‌కు ఎత్తు నిర్ణయించి, మించినది దాచమని రాసి ఉంటుంది. అందులో "రాష్ట్రం ఎంచుకోండి" అని పెట్టి చూడండి: ష కింద ట వత్తు, రకారం రెండూ ఉన్నందువల్ల అడుగు భాగం కోసుకుపోతుంది. ఎత్తుకు బదులు కనీస ఎత్తు, లోపల ప్యాడింగ్ ఇచ్చి, లైన్ హైట్ 1.6 దాకా పెంచండి.

రంగు సంగతి: తెల్లటి నేపథ్యం మీద 999999 అనే బూడిద రంగు కాంట్రాస్ట్ (నేపథ్యంతో వెలుగు తేడా నిష్పత్తి) 2.85 మాత్రమే, మామూలు అక్షరాలకు 4.5 కావాలి. 767676 వాడితే 4.54 వస్తుంది. వత్తులూ గుణింతాలూ నిండిన మన లిపికి ఇంకా ముదురు రంగే మేలని నా అభిప్రాయం.

అడిగినవారు

ముగ్గురికీ ధన్యవాదాలు. లాంగ్, లేబుళ్లు, బటన్ నిన్న రాత్రే మార్చాను, పట్టుమని రెండు గంటలు కూడా పట్టలేదు. పేరు గడికి నిజంగానే ఇరవై పరిమితి ఉంది, తీసేశాను. లైన్ హైట్ పెంచితే ఫారం రెండో తెర దాకా సాగిందని రూపకర్త అభ్యంతరం చెప్పారు. "రాష్ట్రం" తెగిపోయిన చిత్రం పంపాక ఒప్పుకున్నారు. తప్పుల సందేశాల పని మిగిలి ఉంది. శనివారం ఆ విద్యార్థి మళ్లీ వస్తానన్నారు, ఈసారి ఒక అంకె తగ్గించి నంబరు ఇవ్వమని నేనే అడుగుతాను.