మంచు కరిగింది, మడి ఎప్పుడు తవ్వాలి? పోయినేడు క్యారెట్ అంతా కలుపులో కలిసిపోయింది

కొత్తమొలక:

అందరికీ నమస్కారం. మాది బాగా చలి ఉండే ప్రాంతం. ఏడాదిలో నాలుగైదు నెలలు నేల గడ్డకట్టే ఉంటుంది. ఇంటి వెనక నాలుగు మడులున్నాయి, ఒక్కోటి 4 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు. మట్టి బంకమట్టే. కూరగాయలు వేయడం ఇది రెండో ఏడు. మొదటి ఏడు ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్తాను. ఎక్కడ తప్పు చేశానో మీరే చెప్పండి.

మంచు కరిగి నేల నల్లగా కనబడేసరికి నాకు ఆగబుద్ధి కాలేదు. ఆ శనివారమే పార పట్టుకుని దిగాను. మట్టి పారకి అంటుకుంటోంది, బూట్లకి అంటుకుంటోంది, అయినా నాలుగు మడులూ తిరగేశాను. వారం రోజులు ఎండ కాసేసరికి ఆ పెళ్లలు ఇటుకల్లా అయిపోయాయి. పార వెనక్కి తిప్పి కొట్టినా పగల్లేదు. వాటి మధ్యే పాలకూర, ఉల్లి, క్యారెట్ విత్తనాలు చల్లేశాను.

పాలకూర పరవాలేదు. ఉల్లి సగం వచ్చింది. క్యారెట్ మాత్రం మూడు వారాలైనా జాడ లేదు. ఈలోగా మడంతా పచ్చగా మొలకలొచ్చాయి. అందులో ఏది క్యారెట్టో ఏది కలుపో నాకు తెలియలేదు. తేడా తెలిసేదాకా ఆగుదామనుకున్నాను. తెలిసేసరికి కలుపు జానెడెత్తు పెరిగింది. పీకితే దాని వేళ్లతో పాటు వెంట్రుకల్లాంటి క్యారెట్ మొలకలు కూడా ఊడి వచ్చేశాయి. మడి మొత్తానికి మిగిలినవి పదకొండు.

టమాటాలది ఇంకో కథ. ఇంట్లో కిటికీ దగ్గర 18 మొక్కలు పెంచాను. పగలు 20 డిగ్రీలు వస్తోంది కదా అని అన్నీ ఒకేరోజు బయట నాటాను. నాలుగో రాత్రి మబ్బు లేదు, గాలి లేదు. పొద్దున్నే వెళ్లి చూస్తే ఆకులు ఉడికించినట్టు నీరుపట్టి, వెలుగు అవతలికి కనబడేలా ఉన్నాయి. మధ్యాహ్నానికి నల్లబడి వేలాడిపోయాయి. రెండు నెలలు చంటిపిల్లల్లా చూసుకున్న మొక్కలు. చాలా బాధేసింది.

ఇప్పుడు మళ్లీ మంచు కరుగుతోంది, నాకు టెన్షన్ మొదలైంది. నేల ఎప్పుడు ముట్టుకోవాలి, ఏది ముందు వేయాలి, క్యారెట్‌ని కలుపు నుంచి ఎలా కాపాడుకోవాలి? ఈ మూడూ చెప్పండి చాలు.

పెరటిమడి:

మీరు రాసింది చదువుతుంటే నా మొదటి మూడేళ్లు గుర్తొచ్చాయండి. నేను చలి ప్రాంతంలో కూరగాయలు వేయబట్టి 14 ఏళ్లు. అమ్మమ్మ ఎప్పుడూ అదును, పదును అని రెండు మాటలు కలిపి అనేది. చిన్నప్పుడు రెండూ ఒకటే అనుకునేదాన్ని. కాదు. అదును కాలానిది, పదును మట్టిది. మీకు అదును వచ్చింది, పదును రాలేదు. మీ మొదటి తప్పు అదొక్కటే, తర్వాతవి చాలావరకు దాని వెంట వచ్చినవే.

పదును చూడటానికి పరికరం అక్కర్లేదు. జానెడు లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి గట్టిగా పిసకండి. వేళ్ల సందుల్లోంచి నీరొస్తే తలుపేసుకుని ఇంట్లోకి వెళ్లిపోండి. నీరు రాకుండా ముద్ద కట్టిందనుకోండి, బొటనవేలితో నొక్కండి. సాగి పలకలా అణిగితే ఇంకా తడి ఎక్కువే. పొడిపొడిగా విడిపోతే అదే పదును. ఇసక నేలకి ఇది తొందరగా వస్తుంది. మీది బంకమట్టి కాబట్టి మంచు పూర్తిగా పోయాక కూడా రెండు మూడు వారాలు పట్టొచ్చు. తడి మీద తవ్వినప్పుడు, తొక్కినప్పుడు మట్టి రేణువుల మధ్య ఖాళీలు మూసుకుపోతాయి. గాలి ఆడదు, నీరు దిగదు, వేరు దూరదు. మీకు ఇటుకలు తయారైంది అందుకే. ఈ ఏడు మడిలో అడుగు పెట్టకండి. నాలుగడుగుల వెడల్పే కదా, రెండు పక్కల నుంచీ చెయ్యి అందుతుంది.

ఇక ఏది ముందు అన్నదానికి గాలి వేడి చూడకండి, మట్టి వేడి చూడండి. మీరు 20 డిగ్రీలు చూశారు, అది గాలిది. పుల్లలా ఉండే థర్మామీటర్ ఒకటి కొనుక్కుని, రోజూ పొద్దున్నే ఒకే టైముకి నాలుగు వేళ్ల లోతుకి గుచ్చి రాసుకోండి. నా నోటుబుక్కులో ఏటేటా ఆ అంకెలున్నాయి. తేదీల కంటే వాటినే నమ్ముతాను.

మట్టి 5 డిగ్రీలున్నా బఠానీ, పాలకూర మొలుస్తాయి, కానీ పాలకూరకి మూడు వారాల పైన, బఠానీకి నెల పైన పడుతుంది. 10 డిగ్రీలుంటే రెండూ రెండు వారాల లోపో, అటూ ఇటుగానో వచ్చేస్తాయి. క్యారెట్ లెక్క చూడండి: 5 డిగ్రీల మట్టిలో దాదాపు యాభై రోజులు, 10 డిగ్రీల్లో పదిహేడు రోజులు, 15 డిగ్రీల్లో పది. మీ క్యారెట్ చచ్చిపోలేదండీ, చలికి కదల్లేదు. కలుపు విత్తనాల్లో చలికి ఓర్చుకునేవి చాలా ఉంటాయి, అవి దానికంటే ముందే లేచాయి. అందుకే క్యారెట్ తొందరపడి వేసి లాభం లేదు. మట్టి కనీసం 10 దాటాకే వేస్తాను నేను.

నా వరస ఇది. ముందు బఠానీ, పాలకూర, ముల్లంగి, ఉల్లి నారు. వాటి వెనక క్యాబేజీ నారు, క్యారెట్, బీట్‌రూట్. బీన్స్‌కి మట్టి 15 దాటాలి, లేకపోతే గింజ మట్టిలోనే కుళ్లుతుంది. దోస, గుమ్మడి జాతికి ఇంకొంచెం ఎక్కువే కావాలి. టమాటా, మిరప, వంకాయ నారు అన్నిటికంటే చివర, రాత్రిళ్లు 10 డిగ్రీల కిందికి దిగడం ఆగాక.

ఆఖరి ఫ్రాస్ట్ (మొక్కల్ని చంపే గడ్డకట్టే చలి) తేదీ అని చెప్తుంటారు చూడండి, అది మామూలుగా సగటు. అంటే సగం ఏళ్లలో ఆ తేదీ తర్వాత కూడా ఫ్రాస్ట్ వస్తుంది. నేను ఆ తేదీ దాటాక ఇంకో రెండు వారాలు ఆగుతాను. మీ మొక్కల్ని తీసుకుపోయింది సరిగ్గా అలాంటి రాత్రే. మబ్బుంటే దుప్పటి కప్పినట్టు నేల వేడి నిలుస్తుంది. మబ్బు లేక, గాలి ఆడకపోతే ఆ వేడంతా పైకి పోతుంది, చల్లగాలి నేల మీద చెరువులా నిలబడిపోతుంది. అలాంటి సాయంత్రం అనుమానం వస్తే పొద్దు వాలకముందే పాత దుప్పట్లు నేలదాకా కప్పండి. నేలలోని వేడిని పట్టి ఉంచడానికే ఇది, చీకటి పడ్డాక కప్పితే ఆ వేడి చాలావరకు పోయి ఉంటుంది. ప్లాస్టిక్ పట్టా అయితే ఆకుకి తగలకుండా కర్రలు పెట్టాలి, తగిలిన చోట ఆకు మాడిపోతుంది. పొద్దున ఎండ రాగానే తీసేయండి.

ఇంట్లో పెరిగిన నారుని ఒక్కసారిగా బయటికి తెస్తే ఫ్రాస్ట్ రాకపోయినా ఎండకీ గాలికీ ఆకులు తెల్లబడతాయి. మొదటి రోజు నీడలో గంట, రెండో రోజు రెండు గంటలు, అలా వారం పది రోజులు అలవాటు చేయండి. టమాటా కాడని కింది ఆకులు తీసేసి లోతుగా పాతండి, పాతిన కాడ పొడవునా వేళ్లు వస్తాయి.

కలుపు సంగతి సాయంత్రం రాస్తాను. అది రెండు ముక్కల్లో చెప్పేది కాదు.

చిన్నపెరడు:

పెరటిమడి గారితో పదును విషయంలో నూటికి నూరు పాళ్లు ఏకీభవిస్తాను. ఒక్కటే నా మాట: అసలు తవ్వడం ఎందుకండీ?

నేను ఆరేళ్లుగా మడి తిరగేయడం మానేశాను. మట్టిలో కలుపు విత్తనాలు ఏళ్ల తరబడి నిద్రపోతుంటాయి. వాటిలో చాలా వాటికి మొలవడానికి వెలుగు కావాలి. పార వేసి తిరగేసిన ప్రతిసారీ కింద పడుకున్నవాటిని పైకి తెచ్చి నిద్ర లేపుతున్నాం. శీతాకాలానికి ముందే మడి మీద రెండు అంగుళాల మాగిన కంపోస్టు పరిచి వదిలేస్తాను. వసంతంలో రేక్‌తో పైపైన సర్ది, అందులోనే విత్తుతాను. మొదటి ఏడు కలుపు తగ్గినట్టే అనిపించలేదు. మూడో ఏటికి తేడా కళ్లకి కనబడింది.

క్యారెట్‌కి నేను పలక వాడతాను. గీత గీసి, విత్తనం వేసి, తడిపి, దాని మీద చెక్క పలక బోర్లిస్తాను. తడి ఆరదు, పైన కలుపు లేవదు. వారం తర్వాత నుంచి రోజూ ఎత్తి చూడాలి. మొదటి మొలక తెల్లగా కనబడిన రోజే పలక తీసేయాలి. ఒక్క రోజు ఆలస్యమైనా పాలిపోయి సాగిపోతాయి.

పెరటిమడి:

చిన్నపెరడు గారు చెప్పింది నిజమే, నేనూ లోతుగా తిరగేయను. కానీ ఈ మడుల్లో పోయినేడు కట్టిన పెళ్లలున్నాయి. పదును వచ్చాక ఈ ఒక్క ఏడూ గార్డెన్ ఫోర్క్ (పళ్లున్న పార) దింపి, మట్టిని తిరగేయకుండా కొంచెం పైకి లేపి వదిలితే మంచిదని నా అభిప్రాయం. తర్వాత కంపోస్టు పరిచి ఇక ముట్టుకోకండి.

ఇప్పుడు కలుపు. మడి సిద్ధం చేసిన రోజే విత్తకండి. నీళ్లు చల్లి రెండు వారాలు ఖాళీగా వదలండి. పై పొరలో ఉన్న కలుపు గింజలు చాలావరకు మొలుస్తాయి. అవి సన్నగా ఉన్నప్పుడే ఎండ ఉన్న పొద్దున కలుపు తీసే తొలికని పడుకోబెట్టి పట్టి, అర అంగుళం మించి దిగకుండా పైపైన గీకేయండి. లోతుగా దిగితే కింది గింజలు మళ్లీ పైకొస్తాయి. మధ్యాహ్నానికి గీకినవన్నీ ఎండిపోతాయి. ఆ శుభ్రమైన పైపొరలో విత్తండి. రెండు వారాలు పోతాయేమో అని భయపడకండి. మీరు ఎలాగూ మట్టి 10 డిగ్రీలు దాటడానికి ఆగాలి కదా, ఆ సమయం ఇదే.

విత్తడం చల్లడంలా కాదు, తాడు కట్టి గీతలో వేయండి. అప్పుడు గీతలో లేనిదంతా కలుపే, ఆలోచించక్కర్లేదు. గీతలో జానకొక ముల్లంగి గింజ వేస్తాను నేను. మట్టి ఆ మాత్రం వెచ్చగా ఉంటే వారం పది రోజుల్లో లేచి గీత ఎక్కడుందో చూపిస్తుంది. క్యారెట్ లావెక్కే లోపల ముల్లంగి పీకేసుకోవచ్చు.

మొలకని గుర్తుపట్టడం మోకాళ్ల మీద కూర్చుంటే వస్తుంది. క్యారెట్ మొదట రెండు సన్నటి పొడుగు ఆకులతో వస్తుంది, గడ్డిపోచని మధ్యకి చీల్చినట్టు. గడ్డి అయితే ఒకటే పోచ. క్యారెట్‌కి ఆ తర్వాత వచ్చే ఆకు కొత్తిమీరలా చీలికలతో ఉంటుంది. ఉల్లి కొక్కెంలా వంగి మట్టిలోంచి లేస్తుంది. చక్రవర్తికూర లేత చిగురు మీద పిండి చల్లినట్టుంటుంది. ఒక చిట్కా: క్యారెట్ గింజలు పది ఒక చిన్న కుండీలో విడిగా వేసి పెట్టుకోండి. అది చూసి మడిలో పోల్చుకోవచ్చు.

కలుపు తీయడానికి మంచి సమయం అది కనబడకముందే. నవ్వకండి, నిజంగా చెప్తున్నాను. వేలితో పైమట్టి కదిపితే కింద తెల్లదారాల్లా కనబడతాయి. ఆ దశలో గీతల మధ్య వేళ్లతో అలా దువ్వినా చాలు, చచ్చిపోతాయి. నాలుగు ఆకులొచ్చాక అదే పనికి పది రెట్లు టైము పడుతుంది. నేను మూడు రోజులకొకసారి పదిహేను నిమిషాలు కూర్చుంటాను, అంతే. ఉల్లి, క్యారెట్ రెంటికీ మొదటి ఐదారు వారాలు కలుపు ఉండకూడదు. వాటి ఆకులు సన్నం, నేల మీద నీడ పడదు, పోటీకి నిలవలేవు. గీతలోనే మొక్కని ఆనుకుని పెరిగిన కలుపుని పీకకండి, కత్తెరతో మట్టి మట్టానికి కత్తిరించండి. మీ క్యారెట్ మొలకలు ఊడి వచ్చింది పీకడం వల్లే.

రెండు రకాల దగ్గర మాత్రం జాగ్రత్త. గంగపావిలి కూర పీకి అక్కడే పడేస్తే మళ్లీ వేళ్లూనుతుంది, మడి బయటికి తీసేయండి. నేల కింద తెల్లటి వేళ్లతో పాకే గడ్డి ఉంటే పారతో నరకకండి, ముక్క ముక్కా మొక్క అవుతుంది. ఫోర్క్‌తో లేపి మొత్తం వేరు లాగాలి.

గడ్డి పరిచి కలుపుని ఆపుదామనిపిస్తుంది. పరవండి, కానీ మట్టి బాగా వెచ్చబడ్డాక. ముందే పరిస్తే చలి కిందే ఉండిపోతుంది. గింజలు లేని గడ్డే చూసుకోండి.

కొత్తమొలక:

ఇద్దరికీ చాలా చాలా థాంక్స్. మూడు వారాలైంది కాబట్టి ఎక్కడిదాకా వచ్చిందో చెప్తాను.

మొదటి పది రోజులు మట్టి పిసకడం, ఇంట్లోకి వెళ్లిపోవడం. పదకొండో రోజు ముద్ద వేలు తగలగానే విరిగి, అరచేతిలో పొడిగా పడింది. ఆ క్షణం ఎంత సంతోషం వేసిందో! బఠానీ, పాలకూర, ఉల్లి నారు మట్టి 7 డిగ్రీల దగ్గర వేశాను. క్యారెట్ మడి సిద్ధం చేసి ఖాళీగా వదిలాను. నిన్నటికి దాని మీద సన్నటి పచ్చటి పొర వచ్చింది. అదే పోయినేడు నేను నీళ్లు పోసి పెంచిన పొర! ఈ పొద్దున ఎండలో గీకేశాను.

మట్టి ఇవాళ 9. ఎల్లుండి విత్తుదామని ఉంది. రెండు గీతలు ముల్లంగితో, రెండు గీతలు పలక కింద వేసి చూస్తాను. ఒక్క అనుమానం: పలక వేసిన గీతల్లో కూడా ముల్లంగి వేయొచ్చా?

చిన్నపెరడు:

వద్దండీ. ముల్లంగి ముందే లేచి పలకకి తగులుతుంది, దానికోసం పలక ఎత్తేస్తే క్యారెట్ గీత ఆరిపోతుంది. పలక గీతలకి రెండు చివరలా పుల్లలు గుచ్చుకోండి, చాలు. పలక కింద నత్తలు చేరతాయి, ఎత్తి చూసినప్పుడల్లా ఏరేయండి.

పెరటిమడి:

9 అంటే దగ్గరికొచ్చేశారు. 10 దాటి రెండు మూడు పొద్దులు నిలబడనివ్వండి. ఈలోగా ఆ పది గింజలు కుండీలో వేసి పెట్టుకోండి.