కట్నం తీసుకునేది పెళ్లికొడుకా, ఊరా?

కృష్ణాతీరం

మా పెదనాన్న కూతురి సంబంధం దగ్గర మొదలైన వాదన మా ఇంట్లో ఇంకా తెగలేదు. మీరంతా ఏమంటారో వినాలని ఇక్కడ పెడుతున్నాను.

అబ్బాయికి హైదరాబాదులో ఉద్యోగం. పెళ్లిచూపులు అయ్యాక తనే పెదనాన్నకు ఫోన్ చేసి, "కట్నం వద్దండి, మా వాళ్లు కూడా అడగరు, నేను మాట్లాడాను" అన్నాడు. మంచి మాటే కదా! ఆ రాత్రి నుంచే మా ఇంట్లో ఆరాలు మొదలయ్యాయి. ఇదివరకే పెళ్లయిందేమో, ఒంట్లో ఏదైనా జబ్బు ఉందేమో, ఉద్యోగం ఊడే స్థితిలో ఉందేమో. తెలిసినవాళ్ల ద్వారా జీతం కనుక్కున్నారు. అతను ఉండే అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని కూడా వదల్లేదు. ఏ లోపమూ దొరకలేదు. అప్పుడు పెద్దమ్మ అంది: "ఏమీ పెట్టకుండా పంపిస్తే పిల్లలోనే ఏదో ఉందనుకుంటారు." చివరికి పెదనాన్నే పట్టుబట్టి ఒక సైటు రాసిచ్చి, ఆ సంగతి పెళ్లిలో బంధువులందరికీ తెలిసేలా చెప్పించారు.

ఇక్కడ అడిగినవాడు లేడు. ఇచ్చినాయనకి ఆ సైటు మీద ఎంత మమకారమో నాకు తెలుసు. అయినా కట్నం చేతులు మారింది. అందుకే నా ఉద్దేశంలో కట్నాన్ని నడిపిస్తున్నది డబ్బు మీద ఆశ కన్నా ఎక్కువగా నలుగురూ ఏమనుకుంటారో అన్న భయమే. పెళ్లికొడుకులను తిట్టి ఊరుకుంటే ఇది పోదు.

భువనగిరి బాట

అక్కా, మీ పెదనాన్న సంగతి నిజమే కావొచ్చు. కానీ అసొంటి పిలగాండ్లు వందమందిల ఎందరుంటరు? మిగిలినోళ్ల సంగతి చూడుండ్రి. పైసలు ఎవరి ఖాతాల పడ్డయ్? కారు ఎవరు నడుపుతున్నరు? ఊరు నడుపుతున్నదా?

నాకు మండేది ఎక్కడంటే, "మా అమ్మానాన్న ఒప్పుకోలే, చుట్టాలు ఏమంటరో అని తీసుకున్న" అనే మాట దగ్గర. ఇదే పిలగాడు అమ్మానాన్న వద్దన్నా దోస్తులతోని తాగుతడు. వద్దన్నా బైక్ కొంటడు. వద్దన్నా ఉద్యోగం ఇడిచిపెట్టి వేరే దేశం పోతడు. అప్పుడెన్నడూ సమాజం గుర్తుకు రాదు. లాభం వచ్చేకాడ మాత్రం పెద్దల మాట జవదాటని కొడుకు అయితడు. ఇంత లెక్క చూసుకొని లొంగేదాన్ని ఒత్తిడి అనొద్దు.

సీమ సేద్యం

నాకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదానికి సంబంధాలు చూస్తా ఉండాము. మీరంతా కట్నం అంటే పాపం అన్నట్టు మాట్లాడుతున్నారు గానీ, ఒక తండ్రిగా నా బాధ వేరే. నాకుండే చేను కొడుక్కు పోతుంది. బిడ్డకు పెండ్లిలో కూడా ఏమీ ఇయ్యకపోతే దానికి నేనేమి ఇచ్చినట్టు? మా అమ్మకు మా తాత పసుపు కుంకుమ కింద ఇచ్చిన చేనుతోనే కరువు ఏండ్లలో మేము బతికినాము. మాకు అన్నం పెట్టింది ఆ చేనే. దాన్ని కట్నమని తిట్టమంటే నా నోరు రాదు.

గుంటూరు ప్లీడరమ్మ

సీమ సేద్యం గారూ, మీ బాధ నాకు అర్థమైంది. కానీ మీరు రెండు వేర్వేరు సంగతులు కలిపేశారు. మీ అమ్మగారికి ఇచ్చిన చేను ఆవిడ పేరు మీదే ఉంది కాబట్టి ఆవిడ దాన్ని నిలబెట్టుకోగలిగింది. నా దగ్గరకు వచ్చే ఆడవాళ్లలో ఎక్కువమందికి తమ పెళ్లిలో ఎంత ఇచ్చారో తెలుసు, అది ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. ఆడపడుచు పెళ్లికి వాడారు, మామగారి అప్పు తీర్చారు, మరిది చదువుకు కట్టారు. కాగితం మీద ఆమె పేరు ఎక్కడా కనపడదు.

ఇక వాటా సంగతి. చేను కొడుక్కు పోతుందన్నారు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే ఉంది, ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ అది. అప్పటికే పెళ్లయినవాళ్లకు వర్తించలేదు. 2005లో కేంద్ర చట్టమే మారింది. అంటే మీ బిడ్డకు హక్కు పుట్టుకతోనే వచ్చింది, పెళ్లితో దానికి పని లేదు. మరి వాటా అడిగిన ఆడపిల్లను మన ఊళ్లలో ఏమంటారు? పుట్టింటి మీద దావా వేసిందంటారు. కట్నం తెచ్చుకున్న పిల్లనేమో లక్ష్మీదేవి అంటారు. చట్టం ఇచ్చిన దాన్ని అడగడానికి సిగ్గుపడేలా, చట్టం నేరమన్న దాన్ని తెచ్చినందుకు గర్వపడేలా పెంచాం. కృష్ణాతీరం గారు చెప్పే సమాజ ప్రభావం నాకు కనపడేది ఇక్కడే.

1961 నాటి చట్టం ప్రకారం కట్నం తీసుకోవడమే కాదు, ఇవ్వడమూ నేరమే. అయిదేళ్లకు తక్కువ కాకుండా జైలు, పదిహేను వేలు లేదా కట్నం విలువలో ఏది ఎక్కువైతే అంత జరిమానా. అడగకుండా ఇచ్చే కానుకలకు మినహాయింపు ఉంది, వాటికి జాబితా రాసి ఉంచాలి. ఆ మినహాయింపు కిందే ఊరంతా తల దాచుకుంది. బేరం ఎలా జరుగుతుందో మీకు తెలియంది కాదు. అబ్బాయి తండ్రి "మాకేం వద్దండి, మీ పిల్లకు మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం" అంటాడు. ఆ తర్వాత ఎవరూ మాట్లాడరు. కాఫీలు వస్తాయి. అప్పుడు మధ్యవర్తి మెల్లగా, "మొన్న మన ఫలానా వాళ్లబ్బాయికి ఇంత ఇచ్చారు" అంటాడు. అంకె అక్కడ పుడుతుంది. అడిగినవాడు ఎవరో కోర్టులో చెప్పమంటే నేను కూడా చెప్పలేను.

భువనగిరి బాట

మేడం, మీరే చెప్పిండ్రు కదా! "మీ ఇష్టం" అని కూసున్న ఆ తండ్రికి నోరు లేదా? పక్కన కూసున్న పెళ్లికొడుకుకు నోరు లేదా? మధ్యవర్తి అంకె చెప్పంగనే "ఆ ముచ్చట వద్దు" అనొచ్చు. అననోడు అడిగినట్టే.

విశాఖ లెక్చరర్

నేను డిగ్రీ పిల్లలకు సైకాలజీ చెబుతాను. ఈ వాదనకు పనికొచ్చే ప్రయోగం ఒకటి ఉంది. 1950ల తొలినాళ్లలో అమెరికాలో సాల్మన్ ఆష్ అనే శాస్త్రవేత్త చేశాడు. ఒక గీత చూపించి, మరో మూడు గీతల్లో దానితో సమానమైనది ఏదో చెప్పమంటారు. చూడగానే తెలిసిపోయే జవాబు. గదిలో ఒక్కరే అసలు విద్యార్థి, మిగతావాళ్లంతా ముందే మాట్లాడుకుని అందరూ ఒకే తప్పు జవాబు చెబుతారు. నాలుగింట మూడొంతుల మంది కనీసం ఒక్కసారైనా ఆ తప్పునే తామూ చెప్పారు. కళ్లెదుట కనపడుతున్నదాన్ని కాదనేశారు!

భువనగిరి బాట గారు గమనించాల్సింది దీని తర్వాతి భాగం. ఆ గుంపులో ఒక్క మనిషి చేత సరైన జవాబు చెప్పించినప్పుడు, అసలు విద్యార్థి లొంగిపోవడం నాలుగో వంతుకు పడిపోయింది. జవాబు పైకి చెప్పకుండా కాగితం మీద రాయమన్నప్పుడూ బాగా తగ్గింది. అంటే లోపలి నమ్మకం చాలామందికి అలాగే ఉంది, పైకి చెప్పడానికే వెనకాడారు. మా కాలేజీలో ఏ అబ్బాయినైనా విడిగా అడగండి, కట్నం తప్పు అంటాడు. అదే అబ్బాయి మిగతా అబ్బాయిలంతా తీసుకుంటారనే నమ్ముతాడు. ఒక్కొక్కరూ తనొక్కడే మినహాయింపు అనుకుంటే, ఎవరికీ ఇష్టం లేని ఆచారం కూడా నడుస్తూనే ఉంటుంది.

భువనగిరి బాట

సార్, ప్రయోగం మంచిగనే ఉంది, కానీ ఇక్కడికి అతకదు. తప్పు గీత చూపిస్తే ఆ పిలగానికి వచ్చేదేమీ లేదు. ఇక్కడ లొంగితే ఇరవై లక్షలు వస్తయ్. లొంగితే నష్టపోయేటోనికీ లొంగితే బాగుపడేటోనికీ ఒకటే పేరు పెట్టకుండ్రి. ఆడపిల్ల తండ్రి లొంగిండంటే నేను ఒప్పుకుంట. మీ లెక్క ప్రకారమే చూసినా, ఒక్కసారి కూడా లొంగనోళ్లు నాలుగో వంతు ఉన్నరు కదా. వాళ్లు ఆ గదిల కూసున్నోళ్లే, ఆ మాటలు విన్నోళ్లే.

డల్లాస్ వాణి

ఇంతసేపూ డబ్బు ఎవరికి చేరిందనే మాట్లాడుతున్నారు. ఆ డబ్బు మనిషిని లోపల ఏం చేస్తుందో చెప్పాలనిపించింది. ఇక్కడికి వచ్చేస్తే ఆ ఊరి ఒత్తిడి ఉండదనుకుంటారు. సముద్రాలు దాటి వచ్చినా పెళ్లికి మళ్లీ ఆ ఊరే వెళ్తారు, వీసా ఉంటే అంకె ఇంకా పెరుగుతుంది. నాతో పనిచేసే ఒక తెలుగు అబ్బాయి, చాలా నెమ్మదస్తుడు, తన పెళ్లి గురించి చెబుతూ "మా వాళ్లలో నాకే ఎక్కువ వచ్చింది" అన్నాడు. దురాశతో కాదు, మార్కులు చెప్పుకున్నట్టు చెప్పాడు. ఆ అంకె అతని దృష్టిలో అతని విలువ. అది తగ్గితే తను తక్కువవాడినయ్యాననే నిజంగా బాధపడతాడు.

మా ఆడవాళ్లమూ ఇందులో ఉన్నాం. నా పెళ్లయిన కొత్తలో తోడికోడళ్లం ముగ్గురం వంటింట్లో ఉండేవాళ్లం. ఎవరు కూర్చుని కూరగాయలు తరగాలి, ఎవరు నిలబడి అంట్లు తోమాలి అన్నది ఎవరి పుట్టింటివాళ్లు ఎంత పెట్టారన్న దాన్ని బట్టే ఉండేది. ఎవరూ నోరు తెరిచి చెప్పింది లేదు. ఎక్కువ తెచ్చిన పెద్ద తోడికోడలు అత్తగారికి ఎదురు చెప్పగలిగేది. మా చిన్న తోడికోడలు ఏమీ తేలేదు, ఆమె నవ్వడానికి కూడా ముందు అత్తగారి మొహం చూసేది. అందుకే కట్నం వద్దు అని ఏ ఆడపిల్లకైనా చెప్పే ముందు ఆ వంటింటి సంగతి ఏం చేస్తారో కూడా చెప్పండి. తండ్రి ఎందుకు ఇస్తాడో మా చిన్న తోడికోడలిని చూసినవాళ్లకు అర్థమవుతుంది.

కృష్ణాతీరం

వాణి గారూ, మీరు చెప్పినది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మా పెద్దమ్మ భయం అదేనేమో.

భువనగిరి బాట గారు లాభం గురించి అన్న మాటను నేను కాదనను. లాభపడేవాడి బాధ్యత ఎక్కువే. కానీ లాభం ఎటు వెళ్లాలో నిర్ణయించేది కూడా మనిషి స్వభావం కాదు, కాలం. గురజాడ వారి కన్యాశుల్కం ముందుమాటలో ఒక లెక్క ఉంది. విజయనగరం మహారాజా ఆనాటి విశాఖ జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల వివరాలు సేకరింపజేస్తే మూడేళ్లకు 1034 తేలాయి. వాటిలో అయిదేళ్ల పిల్లలు 99 మంది, ఏడాది పసికందులు ముగ్గురు. అప్పుడు డబ్బు తీసుకున్నది ఆడపిల్ల తండ్రి. ఆ నాటకం మొదట ఆడింది 1892లో. ఈరోజు కూతురికి డబ్బు తీసుకున్న తండ్రిని అవే కుటుంబాలు గడప తొక్కనివ్వవు. కొడుక్కి తీసుకుంటే మాత్రం మర్యాదే. అప్పటి తండ్రులు రాక్షసులూ కారు, ఇప్పటి తండ్రులు దేవుళ్లూ కారు. ఏది సిగ్గు, ఏది గొప్ప అన్నది చుట్టూ ఉన్నవాళ్లు నేర్పారు. నేర్పినదాన్ని మార్చవచ్చు కాబట్టే నేను ఊరి మీద ఇంత పట్టుబడుతున్నాను.

విశాఖ లెక్చరర్

ఎలా మార్చాలన్నదానికి ఉదాహరణలు ఉన్నాయి. చైనాలో ఆడపిల్లల పాదాలు కట్టేసి చిన్నవిగా చేసే ఆచారం కొన్ని వందల ఏళ్లు నడిచింది. అది తప్పని చాలామందికి తెలుసు, కానీ కట్టకపోతే పిల్లకు పెళ్లి కాదు. 19వ శతాబ్దం చివర అక్కడ పుట్టిన సంఘాల్లో చేరినవాళ్లు రెండు మాటలు ఇచ్చేవారు: మా కూతురి పాదాలు కట్టం, కట్టిన పాదాల పిల్లను మా కొడుక్కి చేసుకోం. రెండో మాటే అసలైనది. దాంతో మొదటి మాట ఇచ్చినవాళ్ల కూతుళ్లకు సంబంధాలు దొరికాయి. సెనెగల్‌లో ఆడపిల్లల జననాంగాలు కోసే ఆచారాన్ని వదిలేస్తామని 1997లో ఒక ఊరి ఆడవాళ్లు బహిరంగంగా ప్రకటించారు. ఆ తర్వాత, పెళ్లి సంబంధాలు కలుపుకునే ఊళ్లన్నీ కలిసి రావాలన్న పట్టుదలతో 1998లో పదమూడు ఊళ్లు ఒకేసారి ప్రకటించాయి. ఒక్క కుటుంబం మానేస్తే ఆ కుటుంబమే నష్టపోతుంది, కలుపుకునేవాళ్లంతా కలిసి మానేస్తే ఎవరూ నష్టపోరు. మన పెళ్లిళ్లు కూడా తెలిసిన చుట్టరికాల్లోనే జరుగుతాయి కదా.

భువనగిరి బాట

ఇదైతే నాకు నచ్చింది సార్. ఎందుకంటే ఇందుల కొడుకు తరఫు వాళ్లే ముందుగా నోరు తెరవాలె. నేను ఇంతసేపటి సంది అడుగుతున్నది అదే. సంఘం అనుండ్రి, ఊరు అనుండ్రి, ఆఖరుకు సంతకం పెట్టేది ఒక మనిషే. పెళ్లిచూపులు అయినంక ఫోన్ల చెప్తే అనుమానం వస్తది. బయోడేటాల, ఎత్తూ జీతం రాసేకాడనే "కట్నం తీసుకోం" అని రాస్తే ఎవరూ వాచ్‌మన్‌ను అడగరు.

గుంటూరు ప్లీడరమ్మ

రాసిన తర్వాత ఆడపిల్ల వాటా సంగతి కూడా ఎవరైనా ఎత్తాలి. లేకపోతే కట్నమూ ఉండదు, ఆస్తీ ఉండదు. వాణి గారి చిన్న తోడికోడలి గతే పడుతుంది.

సీమ సేద్యం

ప్లీడరమ్మ గారూ, నా చేను మా నాయన నుంచి వచ్చిందే. పెండ్లికి ముందే పెద్దపాప భాగం విడగొట్టి దాని పేరు మీద రిజిస్టరు చేసి పాసుబుక్కు దాని చేతికే ఇయ్యాలనుకుంటాండాను. కొడుకుతో చెప్పినాను, వాడు ఇంకా జవాబు ఇయ్యలేదు. వచ్చే సంబంధం వాళ్లకు ముందే చెప్తాను, ఇది పిల్లది, అమ్మి డబ్బు తెమ్మంటే ఇయ్యదు అని. ఇట్ల చేస్తే కట్నం కిందికి వస్తుందా రాదా, విభజన పత్రం రాసుకోవాల్నా, దానపత్రం రాయాల్నా, మీరు చెప్పండి.