ఎస్‌ఏసీడీ ట్రాకుల అతుకుల దగ్గర "టప్" మంటోంది, గీత లేదు, దుమ్మూ లేదు

పాతస్పీకర్లు:
మా పెద్ద మామయ్య తన డిస్కులన్నీ నాకిచ్చేశారు. మొత్తం 38 ఎస్‌ఏసీడీలు (సూపర్ ఆడియో సీడీలు, మామూలు సీడీ కంటే మెరుగైన ధ్వని ఉండేవి), చాలావరకు వెస్టర్న్ క్లాసికల్. నా దగ్గర పాత ప్లేస్టేషన్ 3 ఒకటుంది, ఫర్మ్‌వేర్ (దాని లోపలి సాఫ్ట్‌వేర్) 3.55 దగ్గరే వదిలేశాను కాబట్టి ఈ డిస్కుల్ని కాపీ చేయనిచ్చింది, బతికిపోయాను. మూడు ఆదివారాలు దాని ముందు కూర్చుని ఐఎస్ఓలు (డిస్కంతా ఉన్నదున్నట్టు కాపీ చేసిన ఫైళ్లు) తీశాను. తర్వాత ట్రాకుకో డీఎస్ఎఫ్ (ఎస్‌ఏసీడీ ధ్వనిని అలాగే ఉంచే ఫైలు) చేసి, ఒక్కోదాన్నీ 24 బిట్, 176.4 కిలోహెర్ట్జ్ ఫ్లాక్‌లోకి (నాణ్యత పోకుండా కుదించే ఆడియో ఫైలు) మార్చాను.

బీథోవెన్ ఐదో సింఫనీలో మూడో భాగం ఆగకుండా నాలుగోదాంట్లోకి వెళ్లిపోతుంది కదా. తీగలు సన్నగా పట్టుకుని ఉంటాయి, కింద టింపనీ మెల్లగా కొడుతూ ఉంటుంది, పోనుపోను పెరిగి ట్రాంబోన్లతో సహా అందరూ ఒక్కసారి లేస్తారు. సరిగ్గా ఆ లేచే చోట "టప్". వంటింట్లోంచి మా ఆవిడ "ఏదో స్విచ్చి కాలినట్టుంది, చూడండి" అంది!

డిస్కు కడిగి మళ్లీ తీశా. రెండు ఐఎస్ఓల ఎండీ5 (ఫైలుకి వేలిముద్ర లాంటి సంఖ్య) ఒకటే వచ్చింది. ఇక నాకేం తోచట్లేదు.

రాత్రిరేడియో:
ఇంత తతంగం ఎందుకు బ్రో, లాప్‌టాప్ డ్రైవులో పెట్టి మామూలు సీడీలా రిప్ చేసెయ్.

సగంచెవి:
లాప్‌టాప్‌కి హైబ్రిడ్ డిస్కులో సీడీ పొర ఒక్కటే కనిపిస్తుంది, అది 16 బిట్, 44.1. ఆయన అడిగింది అది కాదు.

పాతస్పీకర్లు గారూ, ఎండీ5 కలిసిందంటే డిస్కునీ రీడింగునీ అనుమానించక్కర్లేదు. ఒక్క సంగతి చెప్పండి. చప్పుడు ట్రాకు మధ్యలో ఎక్కడైనా వస్తోందా, అతుకు దగ్గరేనా?

పాతస్పీకర్లు:
అతుకు దగ్గరే సార్. ఆడాసిటీలో (ఆడియో ఎడిటర్) తరంగాన్ని పెద్దది చేసి చూశా. గుండుసూది గుచ్చినట్టు ఒక గీత కిందికి దిగి ఉంది. మిగతాదంతా శుభ్రం.

సగంచెవి:
కిందికి దిగింది అన్నారు చూడండి, దొంగ అక్కడే దొరికాడు.

ఎస్‌ఏసీడీలో సెకనుకు 75 ఫ్రేములు. ఒక్కో ఛానెల్‌కి ఫ్రేముకు 4704 బైట్లు. డీఎస్ఎఫ్ ఫైలేమో ఛానెల్‌కి 4096 బైట్ల దిమ్మెలుగా రాస్తుంది. ఈ లెక్కకీ ఆ లెక్కకీ పొసగదు కాబట్టి ట్రాకు చివర దిమ్మె సగంలో మిగిలిపోతుంది, ఆ ఖాళీని సున్నాలతో నింపుతారు. పీసీఎంలో (మామూలు సీడీ, ఫ్లాక్ పద్ధతి) అయితే సున్నా అంటే నిశ్శబ్దం. డీఎస్‌డీలో (ఎస్‌ఏసీడీ పద్ధతి) బిట్టు ఒక్కటే, ఒకట్లూ సున్నాలూ సమానంగా ఉంటేనే నిశ్శబ్దం. వరసగా సున్నాలే పడితే తరంగాన్ని అట్టడుక్కి తొక్కేసినట్టు. ఒక దిమ్మె అంటే 12 మిల్లీసెకన్లు కూడా లేదు, కానీ చెవికి అది చాలు. అసలు సంగీతం ఎన్ని శాంపిళ్లో ఫైలు తలలో రాసే ఉంటుంది. దాన్ని పట్టించుకోకుండా చివరిదాకా చదివేసే సాఫ్ట్‌వేర్లతోనే ఈ గోల.

పోనీ ఆ నింపుడు లేకుండా తీద్దామా అంటే, ఐఎస్ఓ నుంచి ట్రాకులు తీసే ఎస్ఏసీడీ ఎక్స్‌ట్రాక్ట్‌లో ఆ ఆప్షనూ ఉంది, కానీ దాంతో సగమే తీరుతుంది. కన్వర్టర్‌లో ఫిల్టరు ప్రతి ఫైలుకీ ఖాళీ కడుపుతో మొదలవుతుంది, ముందు ట్రాకులో ఏం మోగిందో దానికి తెలీదు. కాబట్టి అతుకు దగ్గర చిన్న మెట్టు పడుతుంది. కోసి మార్చకండి, మార్చి కొయ్యండి. ఐఎస్ఓ నుంచి ఎడిట్ మాస్టర్ డీఎఫ్ఎఫ్ (డిస్కంతా కోయకుండా ఉండే డీఎస్‌డీ ఫైలు) ఒక్కటే ఫైలుగా, దాంతో క్యూ షీటు (ఏ ట్రాకు ఎక్కడ మొదలో రాసిన పట్టిక) తీయండి. ఆ డీఎఫ్ఎఫ్‌ని ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే కన్వర్టర్‌తో ఒకే ఫ్లాక్ చెయ్యండి. అల్ట్రాసోనిక్ (చెవికి అందని) రొద పోయేలా లోపాస్ ఫిల్టరు పెట్టడం మరవకండి. ఆఖర్న క్యూ ప్రకారం ముక్కలు చెయ్యండి. 176.4లో ఫ్రేముకు సరిగ్గా 2352 శాంపిళ్లు, శేషం రాదు.

పాతస్పీకర్లు:
రాత్రి ఒంటిగంటకి అయింది. టింపనీ, తర్వాత ట్రాంబోన్లు, మధ్యలో ఏమీ లేదు! హెడ్‌ఫోన్లు పెట్టుకుని నాలుగుసార్లు విన్నా.

ఇంకో డిస్కుతో మాత్రం వేరే తంటా. బ్రాస్ గట్టిగా ఊదిన చోటల్లా "చిర్ర్" మంటోంది, అదీ ట్రాకు మధ్యలో. ఒక్క ఫైలుగా మార్చినా అంతే.

సగంచెవి:
గెయిన్ (ధ్వని పెంపు) +6 డెసిబెల్ పెట్టారా?

పాతస్పీకర్లు:
పెట్టాను. ఎక్కడో పెట్టమని చదివా.

సగంచెవి:
అది క్లిప్పింగు, అంటే ధ్వని గరిష్ఠం దాటి తల తెగిపోవడం. ఎస్‌ఏసీడీలో సున్నా డెసిబెల్ గుర్తు, అసలు గరిష్ఠానికి 6 కిందే ఉంటుంది, అందుకే పీసీఎంకి మార్చేటప్పుడు 6 కలపమంటారు. కానీ ఆ గుర్తు దాటి +3.1 దాకా పోవడానికి ఫార్మాట్ ఒప్పుకుంటుంది. మీ డిస్కులో బ్రాస్ అక్కడికి పోయి ఉంటుంది. ముందు గెయిన్ లేకుండా మార్చి, డిస్కు మొత్తమ్మీద పీక్ ఎంతో చూడండి, తల తగలనంత మాత్రమే పెంచండి. పెంచేది అన్ని ట్రాకులకీ ఒకేలా, ట్రాకుకో లెక్క పెడితే మెల్లగా ఉండాల్సిన భాగం కూడా గట్టిగా అరుస్తుంది. ఐఎస్ఓలు ఉంచారా, చెరిపేశారా?

పాతస్పీకర్లు:
ఉన్నాయి సార్. 11 మాత్రం నిన్ననే చెరిపా, చోటు చాలక. మళ్లీ ఆ ప్లేస్టేషన్ దుమ్ము దులపాలి.