వెరోనా ఎగ్జిబిషన్ అయ్యాక టస్కనీలో నాలుగు రోజులు మౌంటెన్ బైక్ తొక్కాలి, ఎక్కడ దిగమంటారు?

చీమకుర్తి పెడల్:
అందరికీ నమస్తే. నేను చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో ఎక్స్‌పోర్ట్ పని చూస్తాను. సెప్టెంబరు చివర్లో వెరోనాలో జరిగే మార్మోమాక్ రాళ్ళ ఎగ్జిబిషన్‌కి ఈసారి నన్ను కూడా పంపిస్తున్నారు. ఇన్నేళ్ళూ గెలాక్సీ గ్రానైట్ బ్లాకుల కాగితాల మీద ఇటలీ అడ్రసులు కొట్టడమే తప్ప ఆ దేశం మొహం చూసింది లేదు, అందుకే ఓనరు గారిని బతిమాలుకుని అదనంగా నాలుగు రోజులు సెలవు తీసుకున్నాను. ఆ నాలుగు రోజులూ సైకిల్ మీదే ఉండాలని నా కోరిక. మ్యూజియాలు మళ్ళీ ఎప్పుడైనా చూసుకోవచ్చు.

మూడేళ్ళుగా హార్డ్‌టెయిల్ (ముందు మాత్రమే సస్పెన్షన్ ఉండే మౌంటెన్ బైక్) తొక్కుతున్నా. ఆదివారం తెల్లవారకముందే లేచి రామతీర్థం రిజర్వాయర్ వైపు, క్వారీ వేస్టు గుట్టల పక్కన మట్టి దారుల్లో 40, 50 కిలోమీటర్లు చేస్తాను. భైరవకోన రెండుసార్లు వెళ్ళాను. ఎక్కడం ఫరవాలేదు, దిగేటప్పుడే రాళ్ళ దారి అంటే గుండె దడ. చియాంటీ కొండల్లో తెల్ల మట్టి రోడ్లు బాగుంటాయని కొందరూ, మస్సా మారిట్టిమా దగ్గర అడవి దారులే అసలైన మౌంటెన్ బైకింగ్ అని కొందరూ అంటున్నారు. నాలుగు రోజుల్లో రెండూ అవుతాయా? ఇప్పటినుంచి ఏం ప్రాక్టీసు చెయ్యాలి?

నెల్లూరు చక్రం:
తమ్ముడూ, రెండూ పెట్టుకోకు. రెండేళ్ళ కిందట నేను అదే తప్పు చేశాను, ఐదు రోజుల్లో మూడు ఊళ్ళు మారితే రెండు రోజులు రైళ్ళలోనూ బస్టాండుల్లోనూ పోయాయి. వెరోనా నుంచి ఫ్లోరెన్స్‌కి ఫాస్ట్ రైల్లో గంటన్నర, అక్కడ రైలు మారితే సియెనాకి ఇంకో గంటన్నర. సియెనాలోనో, ఆ పైన చియాంటీ కొండల్లోని గయోలేలోనో గది తీసుకుని నాలుగు రాత్రులూ అక్కడే ఉండు.

గయోలే ఎందుకంటే లెరోయికా అనే సైకిల్ పండగ 1997లో మొదలైంది ఆ ఊళ్ళోనే. 1987కి ముందు తయారైన పాత రేసు సైకిళ్ళ మీద తొక్కుతారు, అదీ అక్టోబరు మొదట్లో. ఆ పండగ వల్లే ఈ మట్టి రోడ్లకి తారు వెయ్యకుండా కాపాడుకోవాలన్న పట్టుదల వాళ్ళకి గట్టిపడింది. పండగలో తొక్కే 209 కిలోమీటర్ల దారికి ఇప్పుడు ఏడాది పొడుగునా బోర్డులుంటాయి, మొత్తం తొక్కక్కర్లేదు, నీకు కావలసినంత ముక్క పట్టుకుని తిరిగి రావచ్చు. బ్రోలియో కోట దగ్గర ఎక్కుడు మాత్రం వదలకు. రెండు పక్కలా సైప్రస్ చెట్లు, మన ఆఫీసుల ముందు పెంచే నారమామిడి చెట్లలాగా సన్నగా నిటారుగా ఉంటాయి, మధ్యలో సున్నం చల్లినట్టు తెల్లటి దారి. నేను సగంలో దిగి సైకిల్ పక్కన పెట్టి పది నిమిషాలు ఊరికే నిలబడిపోయాను.

మస్సా మారిట్టిమా సంగతి వేరు. ఆ కొండలని వాళ్ళు లోహపు కొండలనే పిలుస్తారు, రోమన్ల కంటే ముందు అక్కడున్న ఎట్రుస్కన్ల కాలం నుంచీ రాగి, వెండి తవ్విన చోటు. ఊళ్ళో గని మ్యూజియం కూడా ఉంది, నీ వృత్తికి అది భలే ఉంటుంది. కానీ దారులు సన్నగా, ఓక్ చెట్ల మధ్య, వదులు రాళ్ళతో ఉంటాయి. దిగడమంటే దడ అంటున్నావు కాబట్టి ఈసారికి వద్దు.

సియెనాలో చదువుకునే నెల్లూరమ్మాయి:
అన్నా, నేను ఇక్కడే ఉంటాను, సైకిల్ బాగానే తొక్కుతాను. అన్నిటికంటే ముందు బ్రేకుల గురించి చెప్పాలి. మన సైకిళ్ళకి కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది. ఇక్కడ అద్దెకిచ్చే బైకులకి ఎక్కువగా ఎడమచేతిదే ముందు చక్రం. నేను వచ్చిన మొదటి నెలలో ఒక దిగుడులో, వెనక చక్రం కాస్త ఆపుదామని అలవాటు కొద్దీ ఎడమచేత్తో గట్టిగా నొక్కాను, కంకర మీద ముందు చక్రం ఠక్కున ఆగిపోయి హ్యాండిల్ మీదుగా ముందుకి వెళ్ళి పడ్డాను. అరచేతుల్లో గుచ్చుకున్న రాళ్ళు ఇంటికొచ్చి సూదితో తీసుకోవలసి వచ్చింది. బైకు చేతికిచ్చాక షాపు ముందే పది నిమిషాలు అటూ ఇటూ తిరిగి ఒక్కో బ్రేకు విడిగా నొక్కి చూడు. మార్చి ఇమ్మంటే కొందరు మారుస్తారు కూడా. రోడ్డు మీద కుడివైపున వెళ్ళాలన్నది ఎలాగూ తెలుసు, కానీ మట్టి రోడ్డు మలుపుల్లో అదే మర్చిపోతాం.

రెండోది వాన. సియెనాకి ఆగ్నేయంగా క్రేతే అని బంకమట్టి గుట్టలున్నాయి, ఫోటోల్లో చంద్రుడి మీద నేలలా కనిపించేవి అవే. ఎండలో అంత అందమైన చోటు ఇంకోటి లేదు, వాన పడిందా మన నల్లరేగడే అనుకో. మట్టి టైరుకీ ఫోర్కుకీ మధ్య కూరుకుపోయి చక్రం తిరగదు, సైకిల్ భుజానికెత్తుకుని నడవాలి. వాన కురిసిన మర్నాడు అటు పోకు, చియాంటీ వైపు కంకర రోడ్లు త్వరగా ఆరతాయి.

వేట సీజన్ సెప్టెంబరు మూడో ఆదివారం నుంచి మొదలవుతుంది. మంగళ, శుక్రవారాల్లో మాత్రం మామూలు వేట ఉండకూడదని చట్టం. అడవి దారి చూడాలని ఉంటే ఆ రెండు రోజుల్లో పెట్టుకో, రంగు కొట్టొచ్చే చొక్కా వేసుకో.

చీమకుర్తి పెడల్:
బ్రేకు సంగతి నాకు ఎవరూ చెప్పలేదు చెల్లీ, చాలా థ్యాంక్స్. అయితే సియెనాలోనే దిగుతాను. ఇంకో సందేహం, మ్యాపుల్లో ఎంసీ, బీసీ, ఓసీ అని రాసి ఉంది, అవేంటి?

సియెనాలో చదువుకునే నెల్లూరమ్మాయి:
అవి ఇటలీ ఆల్పైన్ క్లబ్బు వాళ్ళు సైకిల్ దారుల కష్టానికి పెట్టిన గుర్తులు. టీసీ అంటే ఎవరైనా తొక్కేది, ఎంసీ మధ్యరకం, బీసీకి బాగా చేయి తిరగాలి, ఓసీకి ఇంకా ఎక్కువ. మధ్యలో గీత పెట్టి రెండు రాస్తే మొదటిది ఎక్కడానికి, రెండోది దిగడానికి. నువ్వు రెండోది చూసుకో, ఎంసీ దాటకు. కొళాయిల దగ్గర నాన్ పొటాబిలే అని రాసి ఉంటే ఆ నీళ్ళు తాగకూడదు. పల్లెల్లో కొట్లు మధ్యాహ్నం మూసేస్తారు, జేబులో వేరుశనగ చిక్కీ ఉంటే ప్రాణం నిలుస్తుంది.

ఉదయగిరి వాసి:
ప్రాక్టీసు గురించి నేను చెబుతా. చియాంటీ కొండలు ఎత్తులో మా దుర్గం ముందు నిలవవు, మాది మూడు వేల అడుగుల పైమాటే. అయినా అక్కడ కాళ్ళు పట్టేసేది ఎత్తు వల్ల కాదు, ఎక్కడం దిగడం ఆగకుండా వస్తూనే ఉంటుంది కాబట్టి. 60 కిలోమీటర్ల లోపలే వెయ్యి మీటర్లు ఎక్కిస్తుంది. రిజర్వాయర్ గట్టు మీద 50 కిలోమీటర్లు తొక్కితే అది రాదు. పది నిమిషాలు పట్టే ఒకే ఎక్కుడు చూసుకుని, వారానికి రెండు రోజులు అదే ఐదారు సార్లు ఎక్కు, ప్రతిసారీ దిగేది కూడా ప్రాక్టీసే అనుకుని దిగు. రెండు పెడళ్ళూ నేలకి సమంగా, సీటు మీంచి లేచి, ఒళ్ళు కాస్త వెనక్కి పెట్టి, చూపు చక్రం ముందు కాకుండా పది అడుగుల అవతల ఉంచు. నీ దడ అక్కడే తగ్గుతుంది, ఎందుకంటే దగ్గరగా చూస్తే ప్రతి రాయీ పెద్దదే.

ఉదయగిరి రా. కోటకెక్కే మెట్ల మీద సైకిల్ వద్దు, ఆ రాళ్ళు పాడవుతాయి. గజపతుల చేతిలోంచి ఈ కోట తీసుకోవడానికి రాయలవారికే ఏడాది పైన పట్టింది, ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్నే ఆయన హంపికి తీసుకెళ్ళింది, అలాంటి చోటు మనం జాగ్రత్తగా చూసుకోవాలి. కొండ పాదంలో బండిబాటలున్నాయి, సీతారాంపురం రోడ్డు ఉంది, చాలు. అడవిలోకి మాత్రం ఫారెస్టు వాళ్ళని అడిగి వెళ్దాం. టైర్లలో సీలెంట్ (పంక్చరు దానంతటదే పూడ్చే ద్రవం) పోయించుకుని రా, సర్కారు తుమ్మ ముల్లుకి మామూలు ట్యూబు ఆగదు.

నెల్లూరు చక్రం:
ఇంకొక్క మాట. ట్రావెల్ ఇన్సూరెన్సులో మౌంటెన్ బైకింగ్ కవర్ అవుతుందో లేదో కాగితం చదివి చూసుకో, చాలా పాలసీల్లో సాహస క్రీడలు తీసేస్తారు. నాలుగో రోజు కాళ్ళు పనిచేస్తే సాన్ జిమిన్యానో నుంచి మోంటెరిజోనీ మీదుగా సియెనాకి రా. వెయ్యేళ్ళ కిందట ఇంగ్లండు నుంచి రోమ్‌కి యాత్రికులు నడిచిన దారి అది, సైకిళ్ళకి కొన్నిచోట్ల పక్కదారి బోర్డులుంటాయి. మోంటెరిజోనీలో 14 బురుజుల గోడ దూరం నుంచే కొండ మీద కిరీటంలా కనపడుతుంది, అది కనిపించాక ఇంకెంత దూరమని ఎవరినీ అడగవు.

చీమకుర్తి పెడల్:
ఉదయగిరి అన్నా, వచ్చే శనివారం రాత్రికే దిగుతా, ఆదివారం ఐదింటికల్లా కొండ దగ్గర ఉందాం. ఇంట్లో ఉన్న సైకిల్‌కి రేపే బ్రేకులు అటూ ఇటూ మార్పించేస్తున్నాను, వెళ్ళేలోపు చేతులకి అలవాటవ్వాలి.